వీజ్ అంటే ఏంది?

మిర్చి ఏరే కాలం వచ్చిందంటే మా పక్కింటి లక్ష్మక్కకు ఊపిరాడదు. అయినా కూలికి పోవడం మానదు. ఈ రోజు బలవంతాన దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "వీజ్ ఉంది" అని, నోటితో పీల్చుకునే పంపు రాసిచ్చింది. బయట మందుల షాపులో కొన్నాం.

మా ఊరు జూలూరుపాడు వచ్చే ఆటోలో అక్క ఆ పంపును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, నిజం చెప్పు. గా వీజ్ వస్తే మనిషి బతుకుతడా?"

"అది రోగం పేరు కాదక్కా. ఊపిరి తీస్తుంటే నీ ఛాతీలో వచ్చే చప్పుడు. బుస కొట్టినట్టు వినపడిందని ఇంగ్లీషోళ్లు ఆ చప్పుడునే మాట చేసుకున్నరు. మనం పిల్లికూతలు అంటం చూడు, అదే."

"అవ్? పిల్లికూతలేనా! గా ముక్క ఆమె చెప్పొద్దా? నేను పోతే నా బర్రె ఇంకెవలకన్న పాలిస్తదా అని గింతసేపు బెంగపెట్టుకున్న."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకే ఆమె ఛాతీలో కూతలు మొదలయ్యాయి.

"అయితే రేపు మిర్చికి పోతా" అంది.

అప్పుడు నాకు భయమేసింది. మాట పుట్టుక చెప్పబోయి జబ్బునే చిన్నది చేశానేమో! ఆటోలోనే పంపు తీయించి, నేను చూస్తుండగా పీల్పించాను. గుర్రుగా చూస్తూనే పీల్చింది.

రేపు ఆమెను చేనుకు పోకుండా ఆపే మాట మాత్రం నాకు దొరకలేదు. మీకు తెలిస్తే చెప్పండి. పొద్దున్నే కూలీల ఆటో వస్తుంది.