ఎవరి తిట్లు వాళ్లకే

మా విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల సహాయ కేంద్రం అంటే రెండు గదులు, ఒక ర్యాంపు, ఆపైన మేమిద్దరం. చక్రాల కుర్చీలు, పరీక్షలు రాసిపెట్టేవాళ్ల ఏర్పాట్లు నావి. వినపడని పిల్లలకు పాఠాలు సైగల భాషలో అందించడం, వాళ్ల సైగలను పైకి మాటల్లో చెప్పడం తేనెక్క పని. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు.

తేనెక్క అన్న పేరు ఊరికే రాలేదు. ఎంత చేదు మాటైనా ఆమె చేతుల్లోంచి వెళ్లేసరికి తీపెక్కుతుంది. అది ఆమె బతకడానికి నేర్చుకున్న విద్య. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వినపడదు. తండ్రి వడ్రంగి. ఇంటికి ఎవరొచ్చినా పలక పట్టిన వయసు నుంచి మధ్యలో నిలబడి మాట అందించింది ఈమే. ఓ రోజు ఇంటి ఓనరు మీదిమీదికొచ్చి, "తెల్లారకుండానే ఆ సుత్తి మోత ఏంటి? ఆపమను మీ నాన్నని!" అని అరిచాడట. ఈ పిల్ల తండ్రి వైపు తిరిగి, "నీ పని బాగుందంటున్నారు" అని చేతులు తిప్పింది. ఆయన పొంగిపోయి ఓనరుకు కుర్చీ వేశాడు. మర్నాడు ఇంకాస్త పెందలాడే సుత్తి పట్టుకున్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా నేను పడీపడీ నవ్వేదాన్ని.

పోయినేడు ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. పుట్టు చెవుడు. నిల్వ ధాన్యానికి పట్టే బూజు మీద పని. మనిషి బక్కపలచన, పట్టు మాత్రం ఉడుంపట్టు. అతని గైడు ప్రొఫెసరుగారి నోటికి జడవని వాళ్లు మా క్యాంపస్‌లో లేరు. ఆయనకు రాతకోతలు పడవు, ఏదైనా నోటితోనే కడిగేస్తారు. శిష్యులు కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తారు, తర్వాత బుద్ధిగా మంచి పని చేసి చూపిస్తారు. ఈ కుర్రాడొక్కడే నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చేవాడు.

ఏడాది చివర కమిటీకి పని చూపించాలి. గైడు సంతకం పెట్టకపోతే సీటు పోతుంది. దానికి ముందు ఆయన రెండో అధ్యాయం చూసి, "ఇది చెత్త. ప్రయోగాలన్నీ మొదట్నుంచి చెయ్. లేకపోతే సంతకం పెట్టను" అన్నారు. తేనెక్క చేతుల్లో అది, "బాగానే ఉంది, అక్కడక్కడ సరిచేసుకో. వీలైతే ప్రయోగాలు ఇంకోసారి చూసుకో" అయింది. పాపం, కుర్రాడు అక్కడక్కడ సరిచేసుకునే తెచ్చాడు.

ప్రొఫెసరుగారు ఆ కాగితాల్ని బల్లమీదికి గిరాటేసి అరిచారు. "సారు కాస్త నిరాశపడ్డారు" అని సైగ చేసింది తేనెక్క. కుర్రాడు ఆమె చేతులు చూశాడు, ఆయన ముఖం చూశాడు. కాస్త నిరాశకే మనిషి మెడ నరాలు అలా ఉబ్బవని తెలియడానికి చెవులక్కర్లేదు. ఓ కాగితం మీద "మీరు ఏమన్నారు సార్?" అని రాసి ముందుకు తోశాడు. ఆయన పెన్ను లాక్కుని, "చెత్త అన్నాను. పోయినసారీ అదే అన్నాను" అని రాశారు.

వరండాలో కుర్రాడు తేనెక్కను నిలదీశాడు. నేను అక్కడే ఉన్నాను, ఆ భాష నాకూ కొంత వచ్చు. "అందరూ తిట్లు తినొస్తుంటే నాకొక్కడికే మంచి మాటలు. సారు నన్ను జాలితో వదిలేస్తున్నారనుకున్నా అక్కా. పైకి నవ్వుతూ ఏడాదంతా లోపల కుమిలిపోయా. ఆ తిట్లు నావి. మధ్యలో మీరెందుకు మింగేశారు?" అన్నాడు.

తేనెక్క గదిలోకొచ్చి కూలబడి ఏడ్చింది. ఉద్యోగం మానేస్తానంది. "ఆ ఓనరు ఇల్లు ఎందుకు ఖాళీ చేయాల్సొచ్చిందో మా నాన్నకి చచ్చేదాకా తెలీదు. నేను చెప్పలేదు" అంది. ఇన్నేళ్లూ నవ్విన కథకు ఇలాంటి ముగింపుందని నాకు అప్పుడే తెలిసింది. గుండె చివుక్కుమంది. ఒళ్లూ మండింది.

"ఏడుపు తర్వాత! నువ్వు మానేస్తే ఆ పిల్లాడి సీటు నిలుస్తుందా? పద, ఆ పెద్దమనిషికి నిజం చెప్పు" అన్నాను.

వెళ్లి చెప్పింది. ఆయన ఆమెను ఉతికి ఆరేశారు. ఆ తిట్లు న్యాయంగా ఆమెవే, తలొంచుకుని తింది. అంతా అయ్యాక ఆయనే కమిటీని వాయిదా అడిగారు. కుర్రాడు సెలవుల్లో కూడా ల్యాబు వదల్లేదు.

కమిటీ రోజున నేను తలుపు పక్కన కూర్చున్నాను. "నేను చెప్పిన పద్ధతి ఎందుకు వదిలేశావ్? బుద్ధుందా?" అని మొదలెట్టారు ప్రొఫెసరుగారు. తేనెక్క చేతుల్లోంచి ఈసారి బుద్ధుందా అన్నది కూడా కుర్రాడికి చేరింది. అతను తిరిగి విసురుగా సైగలు చేశాడు. తేనెక్క నోరు తెరిచి ఆగింది. "తమరు ఏమీ అనుకోకపోతే" అనే మాట ఆ నాలుక చివర సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను.

"మీ పద్ధతే తప్పు సార్" అంది తేనెక్క. "గింజల్ని వేడిచేసి తేమ చూశాక, ఆ గింజల మీదే బూజు లెక్కపెట్టమన్నారు. ఆ వేడికి బూజు చస్తుంది. చచ్చినదాన్ని ఏం లెక్కపెట్టను?"

అంతవరకూ తేనెక్కను చూస్తూ మాట్లాడే ప్రొఫెసరుగారు కుర్చీ కుర్రాడి వైపు తిప్పుకున్నారు. "ఎంత వేడికి చస్తుంది? చూపించు" అన్నారు. అక్కణ్ణుంచి ఇద్దరూ సై అంటే సై. ఒక చోట ఆయన ఒప్పుకున్నారు, ఇంకో చోట కుర్రాణ్ణి గట్టిగా ఇరికించారు. మధ్యలో తేనెక్క ఉందన్న సంగతే ఇద్దరూ మర్చిపోయారు. నాకెంత ఆనందమేసిందో చెప్పలేను.

సంతకం పెడుతూ ఆయన కుర్రాడి కళ్లలోకే చూసి, "మూడో అధ్యాయం కూడా ఇలా నత్తనడక నడిస్తే నీ వీపు విమానం మోత మోగిస్తాను" అన్నారు. తేనెక్క ఒక్క ముక్క తగ్గించకుండా అందించింది.

కుర్రాడు వరండాలోకొచ్చి తోటి పరిశోధకులకు ఆ తిట్టును అభినయించి చూపించాడు. వాళ్లంతా ఇదివరకే తిన్న తిట్టు అది. "నీకూ పడిందా?" అని ఒకడు వేలు చూపిస్తూ అడిగాడు. పడిందని కుర్రాడు గర్వంగా తలూపాడు.