అక్క లాప్‌టాప్‌కు కాపలా

మా అక్క వాకాడులో ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. నాలుగేళ్ళ పాఠాలన్నీ ఒక్క పాత లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆన్ చేసి, టిఫిన్ తినేసి వచ్చినా అది తెరుచుకునేది కాదు. కొత్తది కొనే బదులు దానికే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ డిస్కు వేయించి, పాఠాలు అందులోకి మార్పిద్దామని నేను నెల్లూరులో రిపేరు షాపుకు బయల్దేరాను.

"ఒక్క పాఠం పోయినా ఇంటికి రాబాక. షాపాయన చేతుల మీంచి కళ్ళు తిప్పబాక" అంది అక్క.

షాపాయన స్క్రూలు విప్పబోతుంటే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాను. ఆయన ఆగి, తన ఫోన్ తీసి నా వైపు నిలబెట్టాడు.

"మీరెందుకన్నా తీస్తున్నారు?"

"సముద్రం పక్క ఊరంటివి. లోపల తుప్పుంటాది. రేపు అది నేనే పట్టించినానని నువ్వంటే నాకూ సాక్ష్యం కావాల గదా."

గంటసేపు ఇద్దరం ఒకరికొకరం కాపలా కాసుకున్నాం.

మర్నాడు ఇంట్లో లాప్‌టాప్ పది సెకన్లలో ఆన్ అయింది.

"ఇంత తొందరగానా? ఏందో పీకేసినాడు" అంది అక్క.

పాఠాలు కళ్ళెదుటే ఉన్నాయి. అయినా నమ్మక, ఒక్కో ఫైలూ తెరిచి చివరి పేజీ దాకా చూసింది. ఒక్కటీ పోలేదు. అది తేలేసరికి ఆ రోజు క్లాసు టైము దాటిపోయింది.