జడ్సన్ గారు ఓకే నొక్కరు

తప్పెక్కడుందో తేలేదాకా జడ్సన్ గారు కంప్యూటర్‌లో 'ఓకే' నొక్కరు. ఎర్ర గుర్తుతో తెరమీద ఏదైనా పెట్టె వెలిసిందంటే ఇక అంతే సంగతులు. కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్ళజోడు తుడుచుకుని, అందులో రాసి ఉన్నది గట్టిగా చదువుతారు. చదివి ఊరుకోరు, దానికి జవాబు కూడా చెబుతారు.

విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో ఆయన గుమాస్తా. ఆఫీసు మెయిలంతా ఆయన బల్లమీది పాత కంప్యూటర్‌లోకే దిగుతుంది. ఎదురు బల్ల నిషాత్‌ది. ప్యాకింగ్ చీటీలు టైపు చేస్తూ ఆరేళ్ళుగా ఈ వేడుక చూస్తోంది.

"మీ పాస్‌వర్డ్ తప్పు" అంది ఒకసారి కంప్యూటర్.

"మా అమ్మ పేరు తప్పెట్టా అవుతుంది?" అని జడ్సన్ గారు దానిమీదికి లేచారు.

"ఓకే కొట్టి మళ్ళీ టైపు చెయ్యండి సార్," అంది నిషాత్.

"ఓకే అంటే ఒప్పుకున్నట్టే గదమ్మా! కన్నతల్లి పేరు తప్పని ఒప్పుకోమంటావా?"

కీబోర్డు ఊడదీసి మీట మీటా తుడిచారు. ఉప్పుగాలికి ఒక మీట తుప్పుపట్టి పడటం లేదని మధ్యాహ్నానికి తేలింది. అప్పుడు నొక్కారు ఓకే, అదీ రిబ్బను కత్తిరించే మంత్రిగారంత దర్జాగా.

ఇంకోసారి సర్వర్ పలకడం లేదంది. జడ్సన్ గారు మెయిల్ కంపెనీకి ఫోన్ చేశారు. "ఓకే నొక్కండి సర్," అంది అక్కడి అమ్మాయి. "ముందు కారణం చెప్పు తల్లీ," అన్నారీయన. ఆ పిల్ల తట్టుకోలేక పాట పెట్టి వెళ్ళిపోయింది. నలభై నిమిషాలు పాట విని, పాట బాగాలేదని కూడా ఫిర్యాదు చేశారు. తీరా చూస్తే గోడ వెనక పందికొక్కు వైరు కొరికేసింది.

"నొక్కెయ్యవయ్యా సామీ! అదేమన్నా ఆస్తి కాగితమా?" అని హేచరీ యజమాని జయరామయ్య తల పట్టుకునేవాడు.

"అంతకంటే ఎక్కువండీ," అనేవారు జడ్సన్ గారు.

నిషాత్ కడుపుబ్బా నవ్వేది. శుక్రవారం మాత్రం ఆమెకు నవ్వొచ్చేది కాదు. ఆమె భర్త కలీం సరుకుల ఓడలో వంటవాడు. నెలల తరబడి ఫోను అందదు. ఓడ పేరుమీద ఉన్న మెయిల్ నుంచి వారానికొకసారి, శుక్రవారం నాడు, ఒక ఉత్తరం పంపనిస్తారు. ఓడెక్కేటప్పుడు ఇంటి అడ్రసని ఈ ఆఫీసుదే రాసిచ్చాడు కాబట్టి ఆ ఉత్తరం జడ్సన్ గారి కంప్యూటర్‌కే రావాలి. రాసేది నాలుగు ముక్కలు. పప్పు మాడింది, కెప్టెన్ తిట్టాడు, నువ్వు గుర్తొచ్చావు. ఆ మాడిన పప్పునే వారమంతా తలుచుకుని నిషాత్ మురిసిపోయేది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా సముద్రమే. ఆ నీళ్ళమీదే ఎక్కడో ఉన్నాడనుకుంటే ప్రాణం లాగేసేది.

రెండు శుక్రవారాలు ఉత్తరం రాలేదు. ఉండబట్టలేక జడ్సన్ గారి కంప్యూటర్‌లోంచి తనే రాసింది. పంపిన మరుక్షణం పెట్టె వెలిసింది: "ఈ అడ్రసు లేదు."

"లేకపోవడమేంది సార్? ఓడకేమన్నా..." అంటూ నిషాత్ తెరమీదికి వంగింది.

జడ్సన్ గారు రెండుసార్లు చదివారు. "మొన్నటిదాకా ఉన్నిందిగా! లేదంటే నమ్మేస్తామా? నేను ఓకే నొక్కను."

తొమ్మిది రోజులు ఆ పెట్టె తెరమీద అలాగే ఉండిపోయింది. అది పోతేగాని కొత్త మెయిల్ దిగదు. రొయ్యపిల్లల పరీక్ష రిపోర్టులకోసం జయరామయ్య రోజూ నెల్లూరుకు మనిషిని తరమాల్సి వచ్చింది. జడ్సన్ గారికేమో సరిగ్గా అప్పుడే పన్ను నొప్పి మొదలైంది. మధ్యాహ్నం కాగానే దవడ పట్టుకుని విడవలూరు బస్సెక్కేవారు.

తొమ్మిదోనాడు నిషాత్ తిరగబడింది. "ఆయన ఉత్తరం దీని వెనకాలే ఆగిపోయిందేమో సార్! మీ పంతానికి నా ప్రాణం పోతా ఉంది. నొక్కండి!"

"మీ ఇంటాయన లేడని రాసుంటే ఓకే అనేదానికి నాకు చెయ్యెట్టా వస్తుందమ్మా?"

నిషాత్ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జడ్సన్ గారు దవడ పట్టుకుని బస్సుకు వెళ్ళిపోయారు. తన గోడు ఈ మనిషి పంటినొప్పి పాటి కూడా చెయ్యలేదా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆయన వస్తూనే కూర్చుని ఓకే నొక్కారు. ఆ సంగతి తెలిసి తొట్ల దగ్గరున్న జయరామయ్య తడికాళ్ళతోనే పరుగెత్తుకొచ్చాడు.

జడ్సన్ గారు నిషాత్ వైపు తిరిగారు. "ఓడను అమ్మేసినారమ్మా. కొన్నోళ్ళు పేరు మార్చినారు, దాంతో అడ్రసూ మారింది. ఓడ బాగుండాది, మనిషీ బాగుండాడు."

"మీకెట్టా తెలిసింది సార్?"

"పంటి డాక్టరు చెప్పినాడు," అన్నారు జడ్సన్ గారు.

ఆగిపోయిన మెయిలంతా బిలబిలా దిగింది. అన్నిటికంటే చివర కలీం ఉత్తరం.

"నిషా, కొత్త ఓనర్లు మాకింకా మెయిల్ ఇయ్యలేదు. ఇయ్యాల కెప్టెన్ నన్ను వంటగదిలోంచి లాక్కొచ్చి కంప్యూటర్ ముందర కూర్చోబెట్టినాడు. జడ్సన్ అనే ఆయన మమ్మల్ని ఓడెక్కించిన చెన్నై ఏజెంటును వారం రోజులు పీడించి కొత్త అడ్రసు సంపాదించినాడంట. విడవలూరు నెట్ సెంటర్ నుంచి రెండు రోజుల్లో పదకొండు ఉత్తరాలు రాసినాడు. అన్నిట్లో ఒకటే మాట, 'మా చెల్లెలు అన్నం ముట్టడం లేదు, ఆమె భర్త చేత వెంటనే ఉత్తరం రాయించగలరు' అని. 'ముందు నీ భార్యకు రాయి, లేకపోతే ఈయన నన్ను ఓడ నడపనియ్యడు' అని కెప్టెన్ నా నెత్తిన నిలబడుండాడు. అదంతా సరే గానీ, నీకు జడ్సన్ అనే అన్న ఎప్పట్నుంచి ఉండాడు?"

నిషాత్ తలెత్తింది. జడ్సన్ గారు అటు తిరిగి, ఎంతో శ్రద్ధగా పెన్నులో రీఫిల్లు మారుస్తున్నారు. ఆమె కళ్ళు తుడుచుకుని జవాబు టైపు చేసింది.

"మా పెద్దన్న. మన పెళ్ళికి పిలవడం మరిచిపోయినాం, అందుకే నీకు తెలీదు."