మా ఆడపడుచు పడగొట్టించిన మెట్లు

మా ఆడపడుచు ఇప్పుడు శాసనసభ సభ్యురాలు. భవనాలకు ప్లాన్లు గీసుకునే ఆర్కిటెక్టు రాజకీయాల్లోకి ఎందుకు వచ్చిందని పేపర్లవాళ్ళు తలా ఒక రకంగా రాస్తుంటారు. నాకు తెలిసింది నేను రాస్తున్నాను. మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఉంటే ఆయనే చెప్పేవారు, నాకంటే బాగా, నవ్విస్తూ.

నేను కాపురానికి వచ్చేసరికి ఆ పిల్లకి పదేళ్ళు. చేతిలో ఎప్పుడూ కొలిచే టేపు ఉండేది. ఒకరోజు నా వంటగట్టు కొలిచి, "వదినా, ఇది నీ ఎత్తుకి రెండంగుళాలు తక్కువ. అందుకే నీకు నడుం నొప్పి" అంది.

"టేపమ్మా, పనిలోపనిగా మీ వదిన నోరెంత పొడుగో కూడా కొలువు" అన్నారాయన.

"తెరిస్తే కదన్నయ్యా కొలిచేది" అంది.

ఆమెకు పేరు తెచ్చిన మొదటి కట్టడం మా వీధి చివర మునిసిపల్ ఆసుపత్రి. ముందు పదకొండు మెట్లు, వాటిపైన గాజు వరండా. దానికి బహుమతి వచ్చింది. మా ఆయన ఆ భవనం ఫొటోకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవారు.

బస్సు కండక్టరుగా పదవీ విరమణ చేసిన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. వారానికి మూడుసార్లు ఆ ఆసుపత్రిలో వ్యాయామం చేయించాలని, ఆలస్యమైనకొద్దీ కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పారు. చదునైన నేల మీద కర్ర పట్టుకుని నడిచేవారు కానీ మెట్లు ఎక్కలేకపోయేవారు. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేవారు. మూడోసారి ఒకాయన చెయ్యి జారి కుర్చీ ఒరిగింది. పడలేదు గానీ వరసలో ఉన్నవాళ్ళెవరో నవ్వారు.

"ముప్ఫై ఏళ్ళు జనాన్ని బస్సెక్కించాను. ఇప్పుడు నన్ను లగేజీలా ఎక్కిస్తున్నారు. నా కాళ్ళతో నేను వెళ్ళగలిగిన రోజున వెళ్తా" అని భీష్మించుకు కూర్చున్నారు. ఇంట్లో నాకు చేతనైనంత నేను చేయించేదాన్ని. మోకాలు మాత్రం రోజురోజుకీ బిగుస్తూనే వచ్చింది.

ఆడపడుచు వచ్చి ఆ మెట్లు కొలిచింది. "అయిదున్నర అడుగుల ఎత్తు. మెట్లు తీసి వాలుదారి వెయ్యాలంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి. మొత్తం అరవై ఆరు. వరండా తీసేస్తే తప్ప పట్టదు." టేపు చుడుతూ, "ఈ మెట్లు ఎక్కలేనివాళ్ళే కదా వదినా ఆసుపత్రికొచ్చేది. నాకెందుకు తట్టలేదు?" అంది. ఇంటికి తీసుకొచ్చి టీ పెట్టి ఇచ్చాను.

మునిసిపల్ ఇంజనీరు దగ్గరికి వెళ్తే, "కట్టి అప్పగించేశారు మేడమ్. ఇక ఇటుక కదపాలన్నా కౌన్సిల్ తీర్మానం కావాలి. అడిగేవాళ్ళు లోపలుండాలి. మీరూ నేనూ కాదు" అన్నాడట. ఆ నెలలోనే వార్డు ఎన్నికలు ప్రకటించారు. ఆమె నామినేషన్ వేసింది.

ఆ మెట్ల కిందే నిలబడి జనంతో మాట్లాడింది. "ఇవి గీసింది నేనే. తప్పు నాదే. దిద్దే అధికారం మీరివ్వాలి."

కూరగాయల ముసలమ్మ ఊరుకోలేదు. "ఇవాళ మెట్లు తప్పంటున్నావు. రేపు వాలు తప్పంటావేమో?"

"అంటే నన్నే తిట్టు పెద్దమ్మా. ఈ వీధిలోనేగా తిరుగుతుంటాను."

"అదే కావాలి. పోయినసారి గెలిచినాయన్ని తిడదామన్నా అయిదేళ్ళూ కనపడలేదు."

నలభై ఓట్ల తేడాతో గట్టెక్కింది. మొదటి సమావేశంలోనే, అన్న కోసం ఆసుపత్రి పడగొడుతోందని ఒకాయన ఎత్తిపొడిచాడట. "అవునండీ, అన్నయ్యని చూశాకే నాకు తెలిసొచ్చింది. మీ ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేరా?" అందట. ఆయన తల్లికి ఉన్నాయి. తీర్మానానికి చెయ్యెత్తాడు.

పని మొదలుపెట్టేముందు మా ఇంటి ముందు సుద్దముక్కతో అరవై ఆరు అడుగులు గీసి అన్నయ్యను నడిపించింది. నలభై దగ్గర ఆయన ఆగిపోయి గోడ పట్టుకున్నారు. "అక్కడో బల్ల వేయించమ్మా" అన్నాను. అడ్డు చెప్పకుండా కాగితం మీద రాసుకుంది.

గాజు వరండా ఆమె కళ్ళముందే పగిలింది. పని పూర్తయ్యాక ఒక ఉదయం మేం ముగ్గురం వెళ్ళాం. రిబ్బన్లు లేవు, ఫొటోలు లేవు. ఆయన నా చెయ్యి వద్దన్నారు. వాలు మలుపులో వేయించిన బల్ల మీద కూర్చుని, వెనకొస్తున్నవాళ్ళతో "స్టాపు వచ్చింది, దిగేవాళ్ళు దిగండి" అన్నారు. అయిదు నిమిషాలాగి మళ్ళీ లేచారు.

లోపల నర్సు, "మీ వెంట ఎవరొచ్చారండీ?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. నేనే వచ్చాను."

తలుపు బయటున్న మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ తర్వాత రెండేళ్ళు, వారానికి మూడుసార్లు, ఆయన తన కాళ్ళతో తాను వెళ్ళివచ్చారు. ఆమె ఇంకా ఎన్ని కట్టించినా, ఎంత పైకి వెళ్ళినా, నేను ఆమెకు దణ్ణం పెట్టుకునేది మాత్రం ఆ వెళ్ళిరావడానికే.