బాబాయ్ కోసిన కరపత్రం

మా బాబాయ్ ముఖాన్ని వేల కాగితాల మీద అచ్చు వేయించి, వాటిని ఆయన చేతే కోయించారు. చేయించినవాడు పరాయివాడు కాదు, స్వయానా బావమరిది.

బాబాయ్ అచ్చాఫీసులో కటింగ్ మిషన్ మనిషి. ముప్పై ఏళ్లు ఆ కత్తి ముందే నిలబడ్డాడు. నేను అక్కడే బైండింగ్ బల్ల దగ్గర పుస్తకాలు కుడతాను. ఒక ఉదయం షీట్ల కట్ట వచ్చింది. ఒక్కో షీటులో నాలుగు కరపత్రాలు. నాలుగింటిలోనూ పళ్లికిలిస్తూ బాబాయే. పక్కన ఆయన రక్తపరీక్ష రిపోర్టు. కింద ఎర్రటి అక్షరాలు: 'మెంతి గుళికలతో మూడు నెలల్లో షుగరు దిగింది. మాత్రలు మానేశాను.'

షుగరు దిగిన మాట నిజమే. పరగడుపున రెండు వందల నలభై ఉన్నది నూట ముప్పైకి వచ్చింది. కానీ ఆ మూడు నెలల్లో బాబాయ్ డాక్టరు రాసిన మాత్ర ఒక్కపూట కూడా మానలేదు. పొద్దున్నే నడిచాడు, టీలో చక్కెర మానేశాడు. గుళికలు వాటికి తోడు, అంతే. దేనివల్ల ఎంత దిగిందో ఆయనకే తెలియదు. ఆ గుళికలు అమ్మే బావమరిది ఫోటో తీస్తూ, "ఊరికే బావా, ఇంట్లో చూపిస్తా" అన్నాడు.

బాబాయ్ చూపు ముందు రిపోర్టు అంచు మీద పడింది.

"చూశావురా, సరిగ్గా షుగరు లైను కింద కోసేశాడు. దాని కిందదేగా కొలెస్ట్రాలు!"

కొలెస్ట్రాలు దిగలేదు సరికదా, ఒక పిసరు పెరిగింది. కరపత్రంలో ఆ లైనే లేదు.

యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాడు. "పార్టీ ఇచ్చింది కోయడం మన పని. చదవడం కాదు" అన్నాడాయన.

"వంకరగా కొయ్యి బాబాయ్, పీడా పోతుంది" అన్నాను నేను.

ఆయన కట్టను కాస్త ఏటవాలుగా పెట్టాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ అరచేతులతో తట్టి తట్టి అంచులు సమం చేశాడు. కత్తి దిగింది. నున్నటి కోత.

"చెయ్యి రావట్లేదురా."

నాకు ఒళ్లు మండింది. ఇల్లు తగలబడుతున్నా ముగ్గు సరిగ్గా పడిందా అని చూసే రకం!

"ఇంట్లో చెప్పకురా. మీ పిన్ని తమ్ముడు కదా, వదిన ముందు తలెత్తుకోలేను" అన్నాడు. వదినంటే మా అమ్మ. తొమ్మిదో ఏట తల్లి పోయిన ఆయన్ని పెంచింది అమ్మే. నేను నోరు మూసుకున్నాను. అందరినీ తిట్టే నా నోరు, అక్కరకొచ్చినప్పుడు మూతపడింది.

వారం తిరిగేసరికి ఆ కరపత్రం వీధిలో ప్రతి దుకాణంలోనూ ఉంది. రెండు నెలలకు, ఎప్పట్నుంచో షుగరున్న అమ్మ మడమ మీద చిన్న పుండు లేచింది. ఎంతకీ మానదు. గంటకోసారి దాహం. బాబాయే ఆమెను తన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, వెనక నేను. షుగరు మూడు వందల అరవై.

"మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?"

అమ్మ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "మానేశానండీ. షుగరుదీ, కొలెస్ట్రాలుదీ రెండూ. ఇదిగో, మా మరిది మానేశాడుగా. అబద్ధమాడే మనిషి కాదు."

బాబాయ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను మానలేదు వదినా" అన్నాడు. ఆ మూడు ముక్కలు చెప్పడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

డాక్టరు నిదానంగా చెప్పాడు. "గుళికలు కొందరికి కొంచెం తగ్గించొచ్చు. ఎంతని గట్టిగా చెప్పలేం. మాత్రకు బదులు మాత్రం కావు." బాబాయ్ వైపు తిరిగాడు. "ఇక మీరు కత్తి దగ్గర పనిచేస్తారు. మాత్రా గుళికా కలిస్తే షుగరు మరీ పడిపోయి చేతులు వణకొచ్చు. నాకు చెప్పకుండా ఏదీ మింగకండి."

అమ్మ మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. బాబాయ్‌కి మాత్రం కాలు నిలవలేదు. పని దిగగానే దుకాణం దుకాణం తిరిగి కరపత్రాలు ఏరేవాడు. మందుల షాపు అతను అడ్డం తగిలాడు.

"నువ్వెవరయ్యా తీయడానికి?"

"ఈ ఫోటోలో ఉన్నది నేనే."

"ఊరుకో పెద్దాయనా! ఫోటోలో ఆయన నిక్షేపంలా ఉన్నాడు."

ఆ తర్వాత రెండో కట్ట వచ్చింది, మొదటిదానికి రెట్టింపు. దాంతోపాటు బావమరిది కూడా వచ్చాడు. "ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి బావా. నీకూ ఓ డబ్బా గుళికలు తెచ్చాలే."

బాబాయ్ ఆ కట్టను కొంచెం కొంచెంగా తీసి ఏటవాలుగా పెట్టి, నాలుగు ముఖాలూ తెగేలా కత్తి దింపాడు. చివరి షీటు దాకా. ఆ సాయంత్రమే యజమాని ఆయన్ని ఇంటికి పంపేశాడు. నేను మాత్రం ఇంకా అక్కడే కుడుతున్నాను.

ఇప్పుడు ఆయన వేరే ఊళ్లో అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తున్నాడు. పోయిన నెల బస్టాండులో కనిపించాడు, కాస్త చిక్కాడు.

"కోసి మంచి పని చేశావు బాబాయ్" అన్నాను.

"మొదటి కట్టే అలా కోయాల్సింది" అన్నాడు. బస్సు కదులుతుంటే ఎక్కి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఒరేయ్, వదిన పొద్దున మాత్ర వేసుకుందా? వేసుకున్నానని చెప్పిందా, నువ్వు కళ్లారా చూశావా?"