సీసా వెనుక వైపు

మొయినాబాద్‌లో మా పక్క వాటాలో కిరాయికి ఉండే ఆలూరు నుంచి వచ్చినామె, గండిపేట దగ్గరి అపార్ట్‌మెంట్లలో బాత్రూములు కడిగేది. ఒక ఉదయం అక్కడే కుప్పకూలింది. టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ, బ్లీచింగ్ నీళ్లనూ ఒకే బకెట్లో కలిపింది. లేచిన ఘాటు ఊపిరి ఆడనివ్వలేదు. ప్రాణం దక్కింది, గొంతు మాత్రం బొంగురుపోయింది.

“ఎందుకు కలిపినవ్ చెల్లె?” అని దవాఖానలో అడిగాను.

“అందరం గట్లనే కలుపుతమన్నా. ఒక్కటేస్తే మరక పోదు. మరక కనవడితె మేడమ్ ఫోటో దీసి గ్రూపుల వెడ్తది.”

సూపర్‌వైజర్ ఆమెను పనిలోంచి తీసేశాడు. “నీ నిర్లక్ష్యమే. నీ తప్పు లేదని కాయితం తే, అప్పుడు చూద్దాం” అన్నాడట. ఆ కాగితం కోసమే యాసిడ్ తయారుచేసే కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాం.

ఫిర్యాదు రాసే ముందు సీసా చదివాను. ఏళ్ల తరబడి పత్రికలో ప్రూఫులు దిద్దిన కళ్లు నావి. ముందు వైపు అరచేయంత తెలుగు అక్షరాల్లో ‘మంచులా తెల్లగా’ అని ఉంది. వెనుక వైపు, బార్‌కోడ్ కింద, ఇంగ్లిష్‌లో, చీమలు పాకినట్టు ఒక వాక్యం: మరే రసాయనంతోనూ కలపరాదు. అమ్ముకునేటప్పుడు వచ్చిన తెలుగు, ప్రాణాల సంగతి దగ్గరికొచ్చేసరికి కంపెనీకి రాలేదు. నేను ఆశ్చర్యపోలేదు. ప్రకటనలకు చోటు వదిలాక మిగిలినదాంట్లో వార్తలు సర్దే చోటే నేను ఉద్యోగం చేశాను.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాక కంపెనీ వకీలు నోరు విప్పాడు. హెచ్చరిక స్పష్టంగానే ఉందనీ, చదవకపోవడం ఆమె అజాగ్రత్త అనీ అన్నాడు.

“ఏదీ, చదవండి” అంది కమిషన్ అధ్యక్షురాలు.

ఆయన కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు, కిటికీ దగ్గరికి నడిచాడు. చివరికి జూనియర్ ఆయన ఫోన్‌లోనే ఫోటో తీసి, పెద్దది చేసి చూపిస్తే చదివాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. “ఈ రోజుల్లో అందరి దగ్గరా ఫోన్లున్నాయి మేడమ్” అన్నాడు.

వెనుక నుంచి బొంగురు గొంతు లేచింది. “మా ఫోన్లు గేటు కాన్నే గుంజుకుంటరు సారూ. జర మీ ఫోన్ ఇస్తరా, సీసా సూస్కుంట బాత్రూములు కడిగి తెచ్చిస్త!”

అధ్యక్షురాలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వకీలు మాత్రం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తీర్పు ఆమె పక్షానే వచ్చింది. హెచ్చరిక తెలుగులో ముద్రించాలని కూడా చెప్పారు. ఆ తీర్పు ఇంగ్లిష్‌లో ఉంది.

“నా తప్పు లేదని ఏడున్నదన్నా?”

ఆ వాక్యం కింద గీత గీశాను.

“పక్కన తెలుగుల రాయి. ‘మంచులా తెల్లగా’ ఉన్నంత పెద్దగ రాయి.”

రాసిచ్చాను. సూపర్‌వైజర్ దాన్ని రెండుసార్లు చదివి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

మొన్న చేవెళ్లలో కొత్త సీసా కొన్నాను. కంపెనీ ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. హెచ్చరిక తెలుగులోనే ఉంది, అదే బార్‌కోడ్ కింద, అదే చీమల సైజులో. సీసా ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చూడనైనా చూడలేదు. “గిది ఎవ్వలు సదువుతరన్నా? కొత్తగొచ్చినోళ్లకు నేనే చెప్తున్న. ఈ గొంతు ఇంటె సాలు, రెండు బకెట్లు దెచ్చుకుంటున్నరు.”