ఏడు గంటల నమస్కారం

టీవీలో వార్తలు చదివేవారు పెట్టే నమస్కారానికి తిరిగి నమస్కారం పెట్టే ఆచారం బాపట్లలో ఎప్పుడు, ఎవరి చేత ప్రారంభమైందన్న విషయం మీద చరిత్రకారులు ఇంతవరకు దృష్టి పెట్టలేదు. శాసనాలు దొరకలేదు. తామ్రపత్రాలు అసలే లేవు. ఉన్న ఆధారమల్లా సీతారావమ్మగారి వాఙ్మూలం ఒక్కటే. దాన్నిబట్టి ఈ ఆచారానికి మూలపురుషుడు ఆవిడ భర్త చెరుకుపల్లి వేంకటసుబ్రహ్మణ్యంగారు. ప్రారంభకాలం, ఆయన రైల్వేలో రిటైరై బాపట్లలో ఇల్లు కట్టుకున్న ఏడు. అనుయాయులు ఎవరూ లేరు.

సాయంత్రం ఏడు కావస్తుండగా ఆయన పడకకుర్చీలోంచి లేచి మామూలు కుర్చీలోకి మారేవారు. వెనక్కి వాలి నమస్కారం అందుకోవడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. భుజాన కండువా లేకపోతే వేసుకునేవారు. తెర మీద అమ్మాయి చేతులు జోడించగానే ఆయనా జోడించి "నమస్కారమండి" అనేవారు. చదివేది మనవరాలి వయసు పిల్లయినా సరే, ఆ "అండి" ఏనాడూ తగ్గలేదు. ఆ తరవాత ఆ పిల్ల ప్రభుత్వం పడిపోయిందని చెప్పినా, ఉల్లిపాయల ధర పెరిగిందని చెప్పినా ఆయనకు పెద్ద పట్టింపు ఉండేది కాదు. చాలా రోజులు వాతావరణం వచ్చేలోపే కునుకు పట్టేసేది. వార్తలనేవి ఆ నమస్కారానికి చివర తగిలించిన అనుబంధం.

కొత్తల్లుడు మొదటిసారి వచ్చినప్పుడు, ఆ నమస్కారం తనకే అనుకుని కంగారుగా లేచి నిలబడి తిరిగి పెట్టాడు. కూతురు వైదేహి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆ రాత్రి సీతారావమ్మగారు, టీవీలో మనిషి మనకు కనబడుతుంది గానీ మనం ఆ మనిషికి కనబడమని భర్తకు విడమరిచి చెప్పారు. ఆయన శాంతంగా విని, ఆ సంగతి తనకు తెలుసునన్నారు. మర్నాడు ఏడింటికి మళ్ళీ కండువా వేసుకున్నారు.

దీనికి కారణం వెతకాలంటే రేపల్లె స్టేషను దాకా వెళ్ళాలి. ఆయన బుకింగ్ క్లర్కు. ఉద్యోగం రేపల్లెలో మొదలై తెనాలిలో ముగిసింది. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం గంటన్నర ప్రయాణమైతే ఆయనకు పట్టింది ముప్పయ్యేళ్ళకు పైగా. అంత కాలమూ ఒక అద్దం వెనకాల కూర్చున్నారు. అద్దం అడుగున చెయ్యి పట్టేంత కంత. ఆ కంతలోంచి "రెండు గుంటూరు" వచ్చింది, "ఒకటి రేపల్లె" వచ్చింది, "చిల్లర లేదు సార్" వచ్చింది, "ఏంటండీ ఇంత లేటు" వచ్చింది. నమస్కారం వచ్చిన దాఖలా లేదు. రైలు అందుకోవలసిన మనిషికి అంత తీరిక ఉండదు గనక ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. కానీ అద్దం వెనక బతికిన మనిషికి, అద్దం వెనక కూర్చుని రోజూ వేళ తప్పకుండా నమస్కారం పెట్టే మనిషి ఎదురైతే ఊరుకోబుద్ధి కాలేదు.

పోయిన ఆషాఢంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పోయాయి. మాట పోయింది. గుంటూరు డాక్టరుగారు, మాటలన్నీ లోపలే ఉన్నాయనీ, బయటికి వచ్చే దారే తెగిందనీ చెప్పారు. భార్య పేరు, కూతురి పేరు, మంచినీళ్ళు, అన్నం, నొప్పి, ఏదీ రాలేదు. నోరు తెరిచేవారు, కాసేపు వెతికేవారు, మూసేసేవారు.

ఇంటికి తీసుకొచ్చిన వారానికి ఒక సాయంత్రం సీతారావమ్మగారు ఏదో ధ్యాసలో టీవీ పెట్టారు. ఏడయింది. తెర మీద పిల్ల చేతులు జోడించింది. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా గుండె మీదికి వెళ్ళింది. "నమస్కారమండి" అన్నారు. తడబాటు లేదు, నత్తి లేదు. పూర్వం ఎలా అనేవారో అలాగే.

ఆవిడ చేతిలో పాలగ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టారో తరవాత ఆవిడకే గుర్తు లేదు.

ఇక రోజూ అదే ఒక్క మాట, అదే ఒక్క వేళకు. మిగతా రోజంతా ఎవరెంత పిలిచినా ఆయన నోట ఏమీ లేదు. సీతారావమ్మగారు నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన భర్త, ఊరూ పేరూ తెలియని పిల్లకు పలుకుతూ తనకు పలకకపోవడం గురించి మొదట్లో కాస్త ఉక్రోషపడ్డారు. తరవాత ఆవిడకు ఒక ఉపాయం తట్టింది. వంటింట్లో స్టూలు తెచ్చి టీవీ పక్కన, తెరకు ఆనుకునేంత దగ్గరగా వేసుకున్నారు. ఏడింటికి తల దువ్వుకుని, మొహం కడుక్కుని, టీవీకి వీపు పెట్టి, భర్తకు ఎదురుగా కూర్చునేవారు. ఆయన "నమస్కారమండి" అన్నప్పుడు అది ఇద్దరి మీదా పడేది. ఎవరి వాటా ఎంతో ఆవిడ అడగలేదు. దేశంలో ఏం జరుగుతోందో మాత్రం ఆవిడకు తెలియడం మానేసింది.

డాక్టరుగారికి ఫోను చేసి చెబితే ఆయన సంతోషించారు. ఆ ఒక్క మాటనీ పోనివ్వవద్దనీ, రోజూ వాడుకలో ఉంటేనే నిలుస్తుందనీ, ఏమో, దాని వెంట ఇంకొకటి రావచ్చుననీ అన్నారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. నిజాంపట్నం హార్బరులో హెచ్చరిక జెండా ఎక్కింది. కోతకొచ్చిన వరి పొన్నూరు దాకా చాపలా పడుకుంది. సుబ్రహ్మణ్యంగారి పక్కింటి మునగచెట్టు విరిగి కేబుల్ తీగ మీద పడి, పోతూ పోతూ స్తంభాన్ని కూడా వెంట తీసుకుపోయింది. కరెంటు పోతూ వస్తూ ఉంది గానీ టీవీలో మాత్రం నీలం తెర తప్ప ఏమీ లేదు. కేబుల్ అబ్బాయి ఫోనులో, నీళ్ళు తీస్తేగానీ ఏమీ చెప్పలేననీ, పైన దేవుడున్నాడనీ అన్నాడు.

మొదటిరోజు ఏడింటికి సుబ్రహ్మణ్యంగారు నీలం తెర వంక చాలాసేపు చూశారు. రెండోరోజు కొంచెంసేపు చూశారు. వైదేహి తెనాలి నుంచి వద్దామంటే పట్టాల మీద నీళ్ళొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. వార్తల వీడియో ఫోనుకు పంపింది. అది సుడులు తిరిగి తిరిగి ఎలాగో వచ్చింది. ఆయన ఫోను వంకా, దాన్ని పట్టుకున్న భార్య బొటనవేలి వంకా మార్చి మార్చి చూశారు. అరచేతిలో ఇమిడే మనిషికి నమస్కారం పెట్టడం ఆయనకు అలవాటు లేదు.

అప్పుడు సీతారావమ్మగారు ఒక పని చేశారు. పట్టుచీర కట్టుకున్నారు. టీవీ ముందు నిలబడి, పాత పేపరు చేతబట్టి, చేతులు జోడించి "నమస్కారం. ముందుగా ముఖ్యాంశాలు" అన్నారు. ధాన్యం తేమశాతం గురించి ఒక వార్త చదివారు. పెనుమూడి దగ్గర కృష్ణలో నీటిమట్టం గురించి ఇంకొకటి చదివారు. ఆయన ఆవిడనే చూస్తూ నోరు తెరిచారు. వెతికారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆవిడ పేపరు మడిచి, చీర మార్చుకుని, ఆయనకు గంజి తాగించారు.

మర్నాడు ఏడింటికి ఆయన అసలు టీవీ వైపే చూడలేదు.

డిష్ పెట్టించాలన్న నిర్ణయం ఆ రాత్రే జరిగింది. వైదేహి తెనాలి నుంచే బుక్ చేసింది. బిగించే కుర్రాడు పొద్దున్నే ఫోను చేశాడు. పేరు జ్ఞానానందం, ఉండేది పొన్నూరు. ఈ గాలికి బిగిస్తే అది డిష్ కాదు, గాలిపటం అవుతుందనీ, మబ్బు పడితే సిగ్నల్ కూడా రాదనీ, వాన వెలిశాక వస్తాననీ మర్యాదగానే చెప్పాడు.

"సీరియల్ కోసమైతే ఫోన్లో చూసుకోవచ్చండీ మామ్మగారూ" అన్నాడు చివర్న.

సీతారావమ్మగారు భర్త కుర్చీ వంక చూశారు.

"మా ఆయనకి ఒక్క మాట మిగిలింది నాయనా" అన్నారు. "అది టీవీలో ఉంది."

ఆవిడ ఏమన్నారో అతనికి అర్థమై ఉండకపోవచ్చు. కానీ మధ్యాహ్నానికి బయల్దేరాడు. వీపుకు డిష్ కట్టుకుని బండి మీద వస్తుంటే గాలి దాన్ని పట్టుకుని, దారిలో రెండుచోట్ల అతన్ని బండితో సహా పొలాల్లోకి పంపించాలని చూసింది. బాపట్ల చేరేసరికి సంచిలోకి నీళ్ళు పోయి, సిగ్నల్ చూసుకునే మీటరు చచ్చిపోయింది. ఇక మిగిలింది పాతపద్ధతి. డాబా మీద ఒకరు డిష్ తిప్పుతూ ఉండాలి. హాల్లో ఒకరు టీవీలో సిగ్నల్ ఎంతుందో చూసి అరుస్తూ ఉండాలి.

హాల్లో కూర్చునే పని సీతారావమ్మగారిదే కావలసింది. కానీ గాలిహోరులో హాల్లోని కేక డాబా మీదికి చేరలేదు. మధ్యలో మెట్ల దగ్గర ఇంకొకరు నిలబడి అందివ్వాలి. పక్కింటి పూర్ణచంద్రరావును పిలిచారు. ఆయన పంట మొత్తం నీళ్ళలో ఉంది. ఇంట్లో కూర్చుని దాన్ని తలుచుకోవడం కంటే ఏదో ఒక అరుపు అరవడం నయమని వెంటనే వచ్చాడు. అయితే ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయి ఎన్నో రోజులు కాలేదు. కంట్లో వానచుక్క పడకూడదన్నారు. అందుచేత నల్లకళ్ళద్దాల పూర్ణచంద్రరావు హాల్లో టీవీ ముందూ, డెబ్భై ఏళ్ళ సీతారావమ్మగారు వానలో మెట్ల దగ్గరా నియమితులయ్యారు. ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు లైన్ క్లియర్ అందించే ఈ పద్ధతిని రైల్వే మనిషి సుబ్రహ్మణ్యంగారు తన కుర్చీలోంచి మౌనంగా పర్యవేక్షించారు.

"ఇరవై" అని హాల్లోంచి వచ్చేది. "ఇరవై అంట నాయనా" అని మెట్ల దగ్గర్నుంచి వెళ్ళేది. గొడుగు మొదటి ఈదురుకే వెనక్కి విచ్చుకుపోయింది. ఆవిడ దాన్ని పిట్టగోడకు ఆనించి, కొంగు తల మీద కప్పుకున్నారు.

"నలభై. ఆ, అక్కడే. ఏంటయ్యా మళ్ళీ అటు తిప్పావు? పోయింది" అని పూర్ణచంద్రరావు విసుక్కున్నాడు. ఆవిడ ఆ విసుగు తీసేసి మిగతాది పైకి అందించారు.

మబ్బు కాస్త పల్చబడింది. అరవై అయింది. డెబ్భై అయింది. చీకటి పడుతోంది.

"వచ్చింది పిన్నిగారూ! బొమ్మ వచ్చేసింది!" అని పూర్ణచంద్రరావు కేక.

ఆవిడ లోపలికి పరుగెత్తబోయారు. పైనుంచి జ్ఞానానందం, బోల్టులు బిగించేదాకా అక్కడే ఉండి ఉందో పోయిందో చెబుతుండాలనీ, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుందనీ బతిమాలాడు. ఆవిడ ఉండిపోయారు. "ఉంది నాయనా, ఉంది" అని చెబుతూ నిలబడ్డారు.

ఆవిడ లోపలికి వచ్చేసరికి సుబ్రహ్మణ్యంగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడమ చెయ్యి గుండె మీద ఉంది. అది నమస్కారానికి వెళ్ళిందో, చలికి వెళ్ళిందో చూస్తే తెలియదు. ఆవిడ కొంగు నుంచి నీళ్ళు కారి చాప తడిసింది.

"అన్నారా?" అని అడిగారు.

పూర్ణచంద్రరావు నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"అన్నారు పిన్నిగారూ."

"ఎలా అన్నారు?"

"మామూలుగానే. నమస్కారమండీ అని. నేనే ఉలిక్కిపడ్డా."

"ఎటు చూసి అన్నారయ్యా?"

పూర్ణచంద్రరావు హాలంతా ఒకసారి చూశాడు. "ఇటే పిన్నిగారూ. మీ స్టూలు వైపే చూసి" అన్నాడు.

ఆవిడ తల ఊపి, తడిబట్టలతోనే వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నారు. ఏడింటికి వార్తలొచ్చాయి. తెర మీద పిల్ల చేతులు జోడించింది. సుబ్రహ్మణ్యంగారు కళ్ళు తెరిచి ఆ పిల్లను చూశారు, పక్కన ఉన్న భార్యను చూశారు. నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. ఆ తరవాత వానలు పూర్తిగా తగ్గాయి, బొమ్మ అద్దంలా వచ్చింది, ఆవిడ రోజూ తల దువ్వుకుని కూర్చున్నారు. ధనుర్మాసం మొదట్లో ఒక తెల్లవారుజామున ఆయన నిద్రలోనే పోయారు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర బంధువులు ఆవిణ్ణి ఓదారుస్తుంటే ఆవిడే వాళ్ళను ఓదార్చారు. మాట పోయిన మనిషి చివరికి మాట్లాడే పోయారనీ, తాను వినలేకపోయినా పూర్ణచంద్రం విన్నాడనీ, తన స్టూలు వైపే చూసి అన్నారనీ చెప్పారు. వైదేహి ఆ మాట పూర్ణచంద్రరావునే అడిగింది. ఆయన ఈసారి ఇంకాస్త వివరంగా చెప్పాడు. సుబ్రహ్మణ్యంగారి గొంతు, ఆ "అండి", అంతా పూర్వం లాగే ఉందట. వింటున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఆ చరిత్ర ఇప్పుడు బాపట్లలో స్థిరపడిపోయింది. ఆవిడ ఎవరికి చెప్పినా అందులో ఒక్క ముక్క మారదు.

కొత్తగా బిగించిన డిష్‌కు సిగ్నల్ అందగానే మొట్టమొదట వచ్చేది డిష్ కంపెనీ వాళ్ళ సొంత ఛానల్. అందులో నమస్కారం పెట్టే మనుషులెవరూ ఉండరు, రీఛార్జ్ ఎలా చేసుకోవాలో అక్షరాలు మాత్రం కదులుతూ ఉంటాయి.